మొదటి ముడి

19 సెప్టెంబరు 1948, ఆదివారం

ఆరాధనకు పదకొండు మంది వచ్చారు. అయ్యగారు ప్రసంగం చేయలేదు, ఒక కీర్తన చదివి ముగించారు. గుడి గోడ పక్క నుంచి మిలటరీ లారీలు పోతుంటే దుమ్ము లోపలికి వచ్చి బల్ల మీది రొట్టె మీద పడింది. అయ్యగారు చేత్తో దులిపి విరిచి ఇచ్చారు. పళ్ల కింద ఇసుక కరకరలాడింది.

రజాకార్లు పోయారని ఊరంతా జెండాలు కట్టింది. మొన్నటిదాకా వాళ్లకు పాలు పోసిన ఇళ్లే ముందు కట్టాయి. బడి మీద నేనూ ఒకటి కట్టించాను. బండి తోలే ఐలేశం నిచ్చెన ఎక్కి కట్టాడు. "గీ జెండ ఎన్నొద్దులు ఉంచాలె పంతులమ్మా?" అని అడిగాడు. ఉంచమన్నాను గానీ ఎన్నాళ్లో చెప్పలేదు.

24 సెప్టెంబరు

మోత్కూరు మిలటరీ క్యాంపు నుంచి కాగితం వచ్చింది. ఐదుగురికి మించి ఒకచోట కూడరాదు. చిట్టీ లేకుండా ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోరాదు. పాటలు, సభలు, కరపత్రాలు బందు. ఇదంతా దొరల భూములు పంచే సంగం వాళ్లను పట్టుకోవడానికేనని, మనకు భయం లేదని అయ్యగారు అన్నారు. ఆ వెంటనే గొంతు తగ్గించారు. "అయినా మన బైబిలు స్త్రీలను ఊళ్లకు పంపవద్దు రూతమ్మా. కొన్నాళ్లు ప్రభువు పేరు మిషన్ కాంపౌండులోనే చెప్పుకుందాం."

కాంపౌండులో ఆ పేరు తెలియనివాళ్లు ఎవరున్నారు?

అయినా నాకు ఊపిరి తీసుకున్నట్టే అయింది. ఈ మాట ఇక్కడ కాక ఇంకెక్కడ రాసుకోను. ఇరవై ఏళ్లుగా బైబిలు స్త్రీలు ఊళ్లు తిరిగి వచ్చి చెప్పినవి నివేదికలుగా రాస్తున్నాను. ఒక్కసారైనా కొత్త మనిషి ముఖంలోకి చూసి క్రీస్తు పేరు ఎత్తింది లేదు. మద్రాసులో తత్వశాస్త్రం చదివి వచ్చినప్పటి నుంచి ప్రతి మాట ముందూ ఒక 'అయితే' వచ్చి కూర్చుంటుంది. 'అయితే'తో మొదలుపెట్టి ఎవరికి ఏం చెప్పగలను?

నలుగురు బైబిలు స్త్రీలకు ఉత్తరాలు రాశాను. గుర్వమ్మకు చదువు రాదు కాబట్టి పిలిపించి చెప్పాను.

"ఎన్నొద్దులు బందు?" అంది.

"వాళ్లు చెప్పేదాకా."

"నడుమ ఎవలన్న సస్తెనో?"

తక్కిన వాళ్ల ఉత్తరాలు మడిచి కవర్లలో పెట్టాను.

"రజాకార్లున్నప్పుడు వొద్దంటివి. సంగపోళ్లు వొచ్చినప్పుడు వొద్దంటివి. గిప్పుడు గీళ్లొచ్చిన్రు. నువ్వు వొద్దనని దినం ఏదన్న ఉంటె జెప్పు పంతులమ్మా, ఆ దినమే పోత."

30 సెప్టెంబరు

నెలాఖరు. గుర్వమ్మ తాడు తెచ్చింది. వద్దన్నా వెళ్లిందన్నమాట. కోప్పడ్డాను. తర్వాత ఇద్దరం వరండాలో కూర్చుని తాడు చదివాం.

మిషన్ నడిపిన మిస్సమ్మ తన దేశానికి పోయేముందు నాకు పని అప్పగిస్తూ, ఈ తాడు సంగతి నివేదికల్లో రాయవద్దని చెప్పింది. మంత్రించి కట్టినట్టుంది అనేది. ఆమెకు నచ్చనివి అందులోని పోగులు. గుర్వమ్మ లెక్క ఇది: ఒక ఇంటి ముందు నిలబడి ఆయన మాట చెబితే ఒక ముడి. విని, దోసిట్లో నీళ్లు కూడా పోస్తే జంట ముడి. ప్రార్థన చేయమని ఎవరైనా అడిగితే వాళ్ల ఒంటి మీది బట్టలోంచి ఒక పోగు లాగించుకుని ముడిలో పెడుతుంది, వాళ్లను మరిచిపోకుండా. ఊరు మారితే బెత్తెడు ఖాళీ. తాడు కొసన అన్నిటికంటే ముందు ఎప్పుడూ ఒక జారుముడి ఉంటుంది. అది మొదలు గుర్తు, పుస్తకానికి అట్టలాగా.

గుర్వమ్మ దారి ఎన్నడూ మారదు. మాదిగవాడలో మొదలుపెట్టి ఊరి బయటగా ఎడమ చేతి వైపు వచ్చే ఇళ్లన్నీ వరసగా. ఆరేళ్లుగా వింటున్నాను కాబట్టి ఆమె చెప్పకముందే నేను చెప్పగలను.

"ఇది కురుమగూడెం. ఇది బీరప్ప ఇల్లు. నీళ్లు పోశారు. ఇది జానయ్య, సైదమ్మలది. నల్ల ఉన్ని పోగు. గొంగడిదా?"

గుర్వమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "నాకంటె నువ్వే బాగ సదువుతున్నవ్. రేపు నేను సస్తె గీ తాడు నీకే ఇడిసిపోత."

నాకు గర్వంగా అనిపించింది. ఈ లిపి చదవగలిగిన వాళ్లం లోకంలో ఇద్దరమే. నాలుగు భాషలు నేర్చి ఎన్నడూ ఇంత సంతోషపడలేదు.

14 అక్టోబరు

చీపుళ్ల మోపు నెత్తిన పెట్టుకుని తిరుగుతోంది. "ఎవరైనా అడిగితే చీపుళ్లు అమ్ముకోవడానికి పోతున్నాననడం అబద్ధం కాదా?" అన్నాను. "చీపుళ్లు గూడ అమ్ముత. అబద్ధమెట్లైతది?" అంది.

తర్వాత మెట్టు మీద కూర్చుని, కాళ్లు ఒత్తుకుంటూ చెప్పింది.

"సైదమ్మోళ్ల గొర్ల దొడ్ల ఒక మనిషి పండుకున్నడు. తొడకు తూటా తాకింది. పుండుల పురుగులు వడ్డయి. సైదమ్మ యాపాకు నూరి కడ్తాంది. గాయినకు గూడ జెప్పిన."

"ఏం చెప్పావు?"

"సామి సిలువ మీదున్నప్పుడు పక్కపొంటి దొంగకు జెప్పలె? ఇయ్యాల్నే నాతోని ఉంటవని? గదే జెప్పిన."

"అతనేమన్నాడు?" అడగకుండా ఉండలేకపోయాను.

"నవ్విండు. 'అవ్వా, భూములు పంచినంక రా, అప్పుడు ఇంట' అన్నడు. కొంచెం సేపైనంక అంగి కొసకెల్లి పోగు గుంజిచ్చిండు. 'నాకు నమ్మకం లేదు గని కాలు బాగ గుంజుతాంది, మీ ఆయినను అడిగి సూడు' అన్నడు."

అప్పటికి నాకు స్పృహ వచ్చింది. "ఇలాంటివి నాకు చెప్పకు. నేను వినలేదు" అన్నాను.

"ఇన్నవు గద."

"వినలేదు గుర్వమ్మా."

కాబట్టి వినలేదు.

26 అక్టోబరు

కురుమగూడెం వాగు దగ్గర గుర్వమ్మను పట్టుకున్నారు. పట్టించింది పోలీసు పటేలు మనుషులు. చీపుళ్ల మోపు విప్పితే తాడు దొరికిందట. సంగం వాళ్ల కబుర్లు మోస్తోందని క్యాంపుకు తీసుకుపోయారు.

27 అక్టోబరు

అయ్యగారి దగ్గరికి వెళ్లాను. "వద్దని చెప్పాం. వినలేదు. మనం పోయి నిలబడితే కాంపౌండు మొత్తం అనుమానంలో పడుతుంది" అన్నారు. అలా అంటూ కళ్లజోడు మూడుసార్లు తుడుచుకున్నారు.

ఐలేశం గేటు దగ్గర కనిపెట్టుకుని ఉన్నాడు. "ఎల్లుండి పొద్దుగాల వాగొడ్డుకు తోలుకపోతరట పంతులమ్మా. వాగొడ్డుకు పోయినోళ్లు మల్ల రాలె. ఆడిమనిషని గూడ సూస్తలేరు."

నేను పోతాను. తాడు చదవగలిగినదాన్ని నేనొక్కదాన్నే. ఎందుకు చదువుకున్నానో ఇన్నాళ్లకు తెలిసినట్టుంది.

28 అక్టోబరు, గురువారం

పోయి వచ్చాను. అంతా వరసగా రాసిపెట్టుకోవాలి.

కెప్టెను ముప్పయి దాటని మనిషి. నేను ఇంగ్లీషులో మాట్లాడగానే లేచి కుర్చీ వేయించాడు. తానూ మిషన్ బడిలోనే చదివానన్నాడు, చిన్నప్పటి క్రిస్మసు పాట ఒకటి మొదటి చరణం పాడి చూపించాడు. పింగాణీ కప్పులో టీ, పక్కన రెండు బిస్కెట్లు. బల్ల మీద గుర్వమ్మ తాడు బారుగా పరిచి ఉంది. పక్కనే ఎవరో పెన్సిలుతో ముడులన్నీ లెక్కపెట్టి గీసిన కాగితం.

తలుపు దగ్గర పోలీసు పటేలు నిలబడ్డాడు. రెండేళ్లు పట్నంలో దాక్కుని, మిలటరీ లారీ వెనకాల కొత్త ఖద్దరు టోపీతో ఊళ్లో దిగిన మనిషి. "సాబ్, ఒక్కొక్క ముడి ఒక్కొక్క తుపాకి. ఎర్రపోగులు సూడుండ్రి. మాదిగిదానికి గింత తెలివి యాడికెల్లొచ్చింది? ఎవలో నేర్పిన్రు" అన్నాడు. కెప్టెను అతని వైపు చూడను కూడా చూడలేదు.

"రెండు రోజుల నుంచి అడుగుతున్నాం. ఆమె ఒక్క ముడికి కూడా అర్థం చెప్పలేదు. మొండి మనిషి" అన్నాడు నాతో.

పాపం, చదువు లేని మనిషి. భయంతో నోరు పెగలక ఉంటుంది. అందుకే కదా నేను వెళ్లింది.

తాడు చేతిలోకి తీసుకున్నాను. మొదట జారుముడి చూపించి, ఇది మొదలు గుర్తని చెప్పాను. తర్వాత ఒక్కొక్క ముడి, ఏ ఇంటిదో చెబుతూ. ఇక్కడ విన్నారు, ఇక్కడ నీళ్లు పోశారు, ఇక్కడ ఒక తల్లి బిడ్డ జ్వరం తగ్గాలని చీర అంచు పోగు ఇచ్చింది, అందుకే ఎరుపు. తుపాకులు కావివి, ప్రార్థనలు అన్నాను. పెన్సిలు కాగితం పక్కకు తోసి కెప్టెను ముందుకు వంగాడు. "ఈమె ఎందుకు తిరుగుతుంది? చంపుతారని తెలిసి కూడా?" అని అడిగాడు.

అప్పుడు చెప్పాను. ఇరవై ఏళ్లుగా చెప్పనిదంతా చెప్పాను. దేవుడు గడప బయట నిలబడే మనిషిగా వచ్చాడని, దోసిట్లో నీళ్లు తాగాడని, తనను కొట్టిన వాళ్ల కోసం అడిగాడని, ఆ మాట విన్నవాళ్లు ఊరుకోలేరని. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆ సిపాయిలు, ఆ తుపాకులు, ఆ పటేలు, ఎవరి భయమూ లేదు. ఒక్క 'అయితే' రాలేదు.

ఖాకీ పోగు గురించి కూడా అడిగాడు. చెప్పవలసింది చెప్పాను.

టీ చల్లారిపోతే మళ్లీ పోయించాడు. రేపే గుర్వమ్మను వదిలేస్తానని మాట ఇచ్చాడు. తాడు కవర్లో పెట్టి గౌరవంగా నా చేతికిచ్చాడు. పెన్సిలు కాగితం మాత్రం ఉంచుకున్నాడు.

బండిలో వస్తూ దారంతా పాడాను. ఐలేశం రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

29 అక్టోబరు

గుర్వమ్మను విడిచిపెట్టారు. దేవునికి స్తోత్రం.

చేతులకు గుడ్డలు చుట్టి ఉన్నాయి. పలకరిస్తే మాట్లాడలేదు. అలిసిపోయి ఉంటుంది.

30 అక్టోబరు

పొద్దున్నే మిలటరీ వాళ్లు వచ్చి మిషన్ బండి కావాలన్నారు. ఐలేశాన్ని తోలుకుపొమ్మన్నాను. కురుమగూడెం వైపు నుంచి పొగ కనిపిస్తోందని పిల్లలు అంటున్నారు.

31 అక్టోబరు, ఆదివారం

ఆరాధన నుంచి వచ్చేసరికి ఐలేశం బావి దగ్గర బండి కడుగుతున్నాడు. పీచుతో పలకలు రుద్దుతున్నాడు. ఆదివారం పని ఏమిటన్నాను.

"గిది ఆరితె పోదు."

రుద్దడం ఆపకుండానే చెప్పాడు. పోగులున్న ఐదిళ్లకు నేరుగా పోయారట, ఎవరినీ అడగకుండా. ఆ ఇళ్ల మగవాళ్లను తాళ్లతో కట్టి క్యాంపుకు నడిపించారు. జానయ్యను, దొడ్డిలో దొరికిన మనిషిని మాత్రం వాగు దాకా తీసుకుపోయారు. ఆ ఇద్దరూ మన బండిలో మోత్కూరు వచ్చారు. చూసి భయపడాలని అంగడి దగ్గర పండబెట్టారు. దొడ్డికి నిప్పు పెట్టేముందు గొర్రెలను వదలలేదు.

"పారిపోతాంటె కాల్చిన్రట" అన్నాడు ఐలేశం.

"తొడలో తూటా ఉన్నవాడు ఎట్లా పారిపోతాడు?"

ఐలేశం పీచు కింద పెట్టాడు. "తొడకు తాకిందని నీకెట్లెర్క పంతులమ్మా?"

2 నవంబరు

విన్నాను. 14వ తేదీన మెట్టు మీద కూర్చుని చెబితే విన్నాను.

4 నవంబరు

ఖాకీ పోగు గురించి రాయాలి.

సైదమ్మ ఇంటి ముడిలో రెండు పోగులున్నాయి, నల్ల ఉన్ని ఒకటి, ఖాకీ ఒకటి. కెప్టెను ఖాకీ పోగును గోటితో పైకి లేపి, "ఇది ఎవరిది?" అన్నాడు. చాలా నెమ్మదిగా అడిగాడు.

తెలియదనవచ్చు. జానయ్య అంగీదనవచ్చు. పటేలు ఇంటి జీతగాడిదనీ అనవచ్చు. అబద్ధం చెప్పడం రాక కాదు. అంతకు వారం ముందు అయ్యగారితోనే రెండు చెప్పాను. అప్పటికి నా సాక్ష్యం బాగా సాగుతోంది. కెప్టెను కళ్లలో తడి చూశాననుకున్నాను. ఆ మాటలన్నిటి కొసనా సిలువ మీది దొంగ కథ పెడితే ఎంత బాగుంటుందో నాకు తెలుసు. ఉపన్యాసం ఎక్కడ ముగించాలో నేర్పిన చదువు నాది.

"ఆ ఇంటి దొడ్డిలో గాయపడి పడుకున్న మనిషిది. అతనెవరు, ఏ పక్షం అని ఆమె చూడలేదు. అతనికి కూడా చెప్పింది" అన్నాను.

"అద్భుతం" అన్నాడు కెప్టెను. పెన్సిలు తీసుకుని కాగితం మీద ఒక చుక్క చుట్టూ సున్నా చుట్టాడు. అది చూశాను. చూసి, రెండో బిస్కెట్టు తిన్నాను.

చుట్టిన సున్నాకు అర్థం అప్పుడు నాకు తెలుసా? తెలియదు. తెలియదనే అనుకుంటున్నాను.

11 నవంబరు

ఈ రోజూ అన్నం తినలేదు.

15 నవంబరు

అయ్యగారు వచ్చారు. నేను గుర్వమ్మ ప్రాణం కాపాడానని సంఘంలో అందరూ అనుకుంటున్నారట. వచ్చే ఆదివారం సాక్ష్యం చెప్పమన్నారు. ఒంట్లో బాగా లేదన్నాను.

21 నవంబరు, ఆదివారం

మూడు వారాలకు గుర్వమ్మ ఇంటికి వెళ్లాను. కోడలు గిన్నెలో జొన్న గట్క తెచ్చి తినిపిస్తోంది. నన్ను చూసి గిన్నె కింద పెట్టి బయటికి పోయింది.

గుర్వమ్మ చేతులు ఒడిలో పెట్టుకుంది. కుడి చేతి వేళ్లు ఐదూ నలిగి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఎడమ చేతికి బొటనవేలు ఒక్కటే కదులుతుంది. చేతులు గుమ్మం మీద పెట్టించి తుపాకి మడమతో కొట్టారట. ఒక్కొక్క ముడికి ఒక్కొక్క వేలు. ఏ ఇల్లో చెప్పమని.

"తొమ్మిదింటి దాక లెక్క ఉన్నది. ఎన్కసిరి నాకు ఎర్క లేదు" అంది.

"ఒక్కటీ చెప్పలేదా?"

"ఎందుకు జెప్త? గవి నా ఇండ్లా? రెండు దినాలు దాసిన పంతులమ్మా. నువ్వు సదువుకున్నదానివి, నీకెంతసేపు పట్టింది?"

టీ రెండుసార్లు తాగినంతసేపు పట్టింది. అది చెప్పలేదు. ఆమె కాళ్లు పట్టుకున్నాను. కాళ్లు వెనక్కి తీసుకుంది. కోపంతో కాదు. పుండ్లున్నాయట.

"నిన్ను చంపుతారని పోయాను" అన్నాను.

"సంపుదురు. నాకు ఎర్కే గద. ఎర్క లేక తిరిగిననా?" తర్వాత, ఏదో ఇంటి పని అడిగినట్టు, "తాడు నీ తాన ఉన్నదట. కురుమగూడెం పోవాలె. ముడేసుడు ఇగ నాతోని కాదు. నువ్వు రావాలె" అంది.

"నేనా? ఏ మొఖంతో?"

"ఉన్న మొఖంతోనే."

రానన్నాను. చిట్టీ ఇవ్వరన్నాను. కెప్టెను మళ్లీ పట్టుకుంటే ఇక వదలనని చెప్పి పంపాడన్నాను. అది నిజమే. అయినా అబద్ధం చెప్పినట్టుగానే ఉంది.

24 నవంబరు

రాను.

28 నవంబరు, ఆదివారం

కెప్టెను మిషన్ బడి పిల్లలకు క్రిస్మసుకని బిస్కెట్ డబ్బాలు రెండు పంపాడు. పైన నా పేరు ఇంగ్లీషులో అందంగా రాసి ఉంది. ఐలేశాన్ని పిలిచి, తీసుకుపోయి పందులకు వేయమన్నాను. వేయలేదనుకుంటాను, సాయంత్రం పిల్లలు తింటూ కనిపించారు.

రేపు కబురు పంపుతాను గుర్వమ్మకు, వస్తానని.

5 డిసెంబరు, ఆదివారం

కురుమగూడెం పోయి వచ్చాం. చిట్టీ లేదు. వాగు దాటి, చేల గట్ల మీద నడిచాం. చీపుళ్ల మోపు నేను ఎత్తుకున్నాను, దింపుకున్నాను, మళ్లీ ఎత్తుకున్నాను. నలభై నాలుగేళ్లు వచ్చినా నెత్తిన మోపు నిలబెట్టడం రాదు. గుర్వమ్మ పగలబడి నవ్వింది. "మద్రాసుల గిది నేర్పలేరా?"

సైదమ్మ ఇంటి ముందు, వాకిలి చివర ఒక బండరాయి ఉంది. గుర్వమ్మ దాని అవతలే ఆగింది. ఆరేళ్లుగా ఆమె నిలబడి చెప్పేది అక్కడి నుంచేనని ఇప్పుడు చూశాను. 'ఇంటికి వెళ్లి బోధించింది' అని రాసేదాన్ని నివేదికలో. నేనూ అక్కడే నిలబడ్డాను.

దొడ్డి స్థానంలో బూడిద. సైదమ్మ నేల మీద కూర్చుని, మిగిలిన ఒక్క గొర్రెను మోకాళ్ల కింద అదిమిపట్టి ఉన్ని కత్తిరిస్తోంది. నుదురు బోడిగా ఉంది. తల ఎత్తలేదు.

చెప్పవలసిన మాట దారంతా తయారు చేసుకున్నాను. నోరు తెరిస్తే అదేదీ రాలేదు.

"సైదమ్మా, క్యాంపులో మీ ఇల్లు చెప్పింది గుర్వమ్మ కాదు. నేను."

కత్తెర ఆగలేదు. ఒక పక్క పూర్తిచేసి గొర్రెను తిప్పింది.

"ఎవలు నువ్వు?"

"మిషన్ బడి పంతులమ్మను. రూతమ్మ."

"నిన్ను ఎన్నడు సూడకపోతి. మా ఇల్లు నీకెట్లెర్క?"

"తాడులో ఉంది."

"సూపియ్యి."

రాయి దాటి వెళ్లాను. ముడి చూపించాను. ఉన్ని జిడ్డు అంటిన వేళ్లతో నల్లపోగు పట్టుకుంది. "గిది మా ఆయిన గొంగడిది. నేనే గుంజిచ్చిన. గొర్లకు గాలిరోగం వొస్తె తక్కువ గావాలని." తర్వాత ఖాకీ పోగు చూసింది. "గీ పోరగాడు నా తమ్ముని తీర్గ ఉండె. పేరు గూడ జెప్పలె."

పోగు వదిలి అడిగింది. "ఎందుకు జెప్పినవ్?"

"గుర్వమ్మను చంపుతారని."

"మరి గీళ్లను సంపుతరని ఎర్క లేకుండెనా?"

నెల రోజులుగా ఆ ప్రశ్నకు జవాబు రాసి పెట్టుకున్నాను. ఈ పుస్తకంలోనే ఉంది, నవంబరు నాలుగున. 'తెలియదనే అనుకుంటున్నాను.' అయితే, ఆ పరిస్థితిలో, ఆ ఆవేశంలో. సైదమ్మ చూపు నా ముఖం మీద ఉంది.

"ఎరుకే" అన్నాను.

ఆమె తల ఊపింది. తిట్టలేదు. కొట్టలేదు. గొర్రె మెడ మీదుగా చేయి చాపి, తాడు అందుకుని, ఆ ముడికి అటూ ఇటూ కత్తెర పెట్టి తెంపింది. పోగులున్న ముక్కను రొంటిన దోపుకుంది. రెండుగా మిగిలిన తాడును నా మీదికి విసిరింది.

"ఇగ పో."

"సైదమ్మా, ప్రార్థన జేద్దునా?" అంది గుర్వమ్మ, రాయి అవతలి నుంచి.

"మీ దేవుడు మీకు సదువుడు నేర్పిండు గని, నోరు మూసుకునుడు నేర్పలె."

గుర్వమ్మ కళ్లు మూసుకుంది. పైకే మొదలుపెట్టింది, ఎప్పటిలాగే, ఊరంతా వినపడేటట్టు. జానయ్య పేరు చెప్పింది. పేరు చెప్పని వాణ్ని, పేరు నీకెరుకే సామీ అంది. పటేలు పేరు చెప్పింది. కెప్టెనును చెప్పింది. నా పేరు చెప్పింది. సైదమ్మ ఆపలేదు. కత్తెర కూడా ఆపలేదు.

తక్కిన నాలుగిళ్లకూ పోయాం. ప్రతి ఇంటి ముందూ ఆ మాటే చెప్పాను, నేనే చదివానని. బీరప్ప తల్లి కడుగునీళ్లు మా మీద కుమ్మరించింది. కొడుకు ఇంకా క్యాంపులోనే ఉన్నాడు. మూడిళ్లలో వాళ్ల ముడి వాళ్లు తెంపుకున్నారు. ఎవరూ నీళ్లు ఇవ్వలేదు.

తిరిగి వస్తూ వాగులో కాళ్లు కడుక్కునేటప్పుడు తాడు ముక్కలు విప్పి చూశాను. కొసది జానెడు మిగిలింది, మొట్టమొదటి జారుముడితో.

"ఈ ముడిని ఎవరూ తెంపలేదు. మొదలు గుర్తు" అన్నాను.

"మొదలేంది?"

"ప్రతి నెలా ముందు వేస్తావుగా. తాడు మొదలు."

గుర్వమ్మ నీళ్లలో నుంచి నన్ను వింతగా చూసింది. "గది మీ ఇల్లు పంతులమ్మా. నెలనెల మీ ఇంటికెల్లే మొదలువెడుదు. మెట్ల మీద కూసోని నీకు అన్ని జెప్పకపోదునా?"

"నాకెందుకు? నేను క్రిస్టియన్‌నే కదా."

"అయితివేమో. నువ్వు ఇన్నవు గని, ఇంక పట్టుకోలె అనిపించేది. రాసుకుంటుంటివి. అందుకని బిగియ్యలె. ఆరేండ్లసంది జారుముడే ఏస్తున్న." నలిగిన చేతులు నీళ్లలోంచి తీసి దులిపింది. "కెప్టెనుకు ఏమని జెప్పినవ్ గదాన్ని?"

"పుస్తకానికి అట్ట అని."

నవ్వింది. నవ్వుతూనే, లేపమని మోచేయి నా వైపు చాపింది.

6 డిసెంబరు

గుర్వమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది. ఇవాళ వాగు అవతల ఇంకో ఊరు. చిట్టీ కోసం నేను క్యాంపును అడగలేదు. క్యాంపు వాళ్లు ఆ దారినే కాపలా పెట్టారని ఐలేశం చెప్పి, వద్దని చెప్పి, ఆఖరికి చీపుళ్ల మోపు గట్టిగా కట్టి ఇచ్చాడు.

కొత్త తాడు తీసుకోలేదు. ఆ జానెడు ముక్కకే పురికొస అతికాను. ఆ మొదటి ముడిని బిగించాలని పట్టుకున్నాను. బిగించలేదు. అబద్ధమవుతుంది. అలాగే కొంగున కట్టుకున్నాను.